కట్టడము ఇచ్చు గడువు

1861 జూన్ 22వ తేదీ సాయంకాలమున లండను నగరమందు, థేమ్సు నదీతీరమున, టూలీ వీథిలోని సరకుల గిడ్డంగులలో పుట్టిన అగ్ని జనపనారను, ప్రత్తిని, పశువుల క్రొవ్వును ఆహారముగా గొని ఒక గిడ్డంగి నుండి మఱియొక గిడ్డంగికి వ్యాపించుచుండగా, నగరపు అగ్నిమాపక దళాధిపతి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ తన భటుల యోగక్షేమములను విచారించుచు మంటల సమీపమున సంచరించుచుండెను. అట్టి సమయమున ఒక గిడ్డంగి గోడ హఠాత్తుగా ముందునకు కూలి ఆయనను బలిగొనెను. ఆ అగ్ని పూర్తిగా చల్లారుటకు రెండు వారములు పట్టినది.

ఈ మరణమునందు విషాదముతో పాటు విచారణీయమైన అంశమొకటి కలదు. 1824లో ఎడిన్‌బరో పురపాలక సంఘము నెలకొల్పిన అగ్నిమాపక దళమునకు నాయకుడై, పిదప లండనునకు వచ్చి జీవితాంతము అగ్నితో పోరాడిన బ్రెయిడ్‌వుడ్, కట్టడము యొక్క స్వభావము నెఱుగక దానిలోని అగ్నిని ఎదిరించుట ప్రాణాపాయమని ఆనాటికే బోధించినవాడు. పోత యినుప స్తంభములపై నిలిపి, అగ్ని వీనినేమియు చేయజాలదని యజమానులు నమ్మిన గిడ్డంగులను గుఱించి ఆయన 1849లోనే ఇంజనీర్ల సభలో హెచ్చరించెను. కాగిన యినుము బలము కోల్పోవుననియు, దానిపై చన్నీరు పడినచో పగులుననియు ఎఱిగినవాడగుటచేత, మంట బలపడిన పిదప అట్టి గిడ్డంగులలోనికి తన భటులను పోనిచ్చెడివాడు కాడు. టూలీ వీథి గిడ్డంగుల గదుల నడుమ అగ్నిని అడ్డగించుటకు ఇనుప తలుపులు అమర్చబడియే యుండెను. కాని అవి ఆనాడు తెఱచియుండెను. తలుపు ఉండుట వేఱు, అది మూయబడియుండుట వేఱు.

అగ్నిప్రమాద వార్త చదివినప్పుడు నిప్పు ఎట్లు పుట్టినదని మనమందఱమును అడుగుదుము. అది పుట్టిన తరువాత కట్టడమేమి చేసినదని అడుగువారు అరుదు. నిజమునకు, నిప్పు పుట్టిన క్షణము మొదలు లోపలివారు బయటపడుటకును, బయటివారు లోనికి పోయి చిక్కినవారిని రక్షించుటకును లభించు కాలపరిమితిని నిర్ణయించునది చాలవఱకు ఆ కట్టడమే. గోడ, దూలము, స్లాబు, తలుపు, మెట్లదారి, ఇవన్నియు అగ్నికి ఎదురుగా మనకు కొంత గడువును సంపాదించి యిచ్చు సాధనములు. ఆ గడువు ఎంత, దానిని పెంచునదేది, ఎవరికిని తెలియకుండ దానిని హరించునదేది యను ప్రశ్నలే అగ్నిమాపక విజ్ఞానమునకు మూలాధారములు.

మొదట గ్రహింపవలసినది గురుత్వాకర్షణ ప్రభావము. నిలిచియున్న ప్రతి కట్టడమును అహోరాత్రములు భూమ్యాకర్షణతో పెనగులాడుచునే యుండును. పైకప్పు బరువు వాసముల మీదుగా దూలమునకు, దూలము నుండి స్తంభమునకో గోడకో, అచటి నుండి పునాదికి, పునాది నుండి నేలకు చేరుచుండును. ఈ భారమార్గమున ఏ యొక్క అంగము తప్పుకొన్నను దానిపై ఆధారపడినవన్నియు వేఱొక మార్గము వెదకికొనవలెను, దొరకనిచో కూలవలెను. కనుక కట్టడమంతయు కాలిపోనక్కఱలేదు, కీలకమైన ఒక్క అతుకు విడిపోయిన చాలును.

ఇక గదిలో పుట్టిన అగ్ని గతిని పరికింతము. ఒక మూల కుర్చీయో పరుపో అంటుకొనగానే వేడి వాయువులును పొగయు పైకి లేచి, కప్పును తాకి, పోవుటకు దారి లేక నలుప్రక్కలకు ప్రాకి, క్రమక్రమముగా దట్టమై క్రిందికి దిగుచుండును. ఆ పొగయంతయు వ్యర్థపదార్థము కాదు. అందు ఇంకను కాలవలసిన ఇంధన వాయువులు కలవు. కప్పుక్రింది పొర యుష్ణోగ్రత 500 లేక 600 డిగ్రీల సెల్సియస్‌నకు చేరునప్పటికి, దాని నుండి నేలపై పడు ఉష్ణకిరణముల తీవ్రత చదరపు మీటరునకు 20 కిలోవాట్లు, అనగా నడివేసవి మిట్టమధ్యాహ్నపు ఎండకు ఇంచుమించు ఇరువది రెట్లు, ఉండును. అంతట అప్పటివఱకు అంటుకొనని బల్ల, తివాచీ, పుస్తకములు, తెరలు ఏకకాలమున భగ్గుమనును. గదిలో అగ్నియుండుట పోయి గదియే అగ్నియైపోవు ఈ పరిణామమును అగ్నిమాపకులు ఫ్లాష్ ఓవర్ అందురు. అది సంభవించిన గదిలో సంపూర్ణ కవచధారియైన భటుడు సైతము కొన్ని క్షణములకు మించి జీవింపజాలడు.

ఈ పరిణామమునకు పట్టు కాలము మన కాలమున భయంకరముగా క్షీణించినది. అమెరికాలోని అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ అను పరీక్షా సంస్థ సమాన పరిమాణము గల రెండు గదులను నిర్మించి, ఒకదానిని పూర్వకాలపు కొయ్య, ప్రత్తి సామగ్రితోను, రెండవదానిని నేటి ఫోము పరుపులు, ప్లాస్టిక్కులు, కృత్రిమ నూలు బట్టలతోను నింపి నిప్పంటించగా, పాత సామగ్రి గల గది ఫ్లాష్ ఓవర్ స్థితికి చేరుటకు 29 నిమిషముల 30 సెకనులు పట్టినది. కొత్త సామగ్రి గల గది 3 నిమిషముల 40 సెకనులలోనే ఆ స్థితికి చేరినది. వార్త అందుకొని, బండి యెక్కి, రద్దీ వీథులు దాటి వచ్చు అగ్నిమాపక దళము ఇంత తక్కువ కాలములో చేరుట ఏ నగరమునను అరుదు. అందుచేత నేటి భటుడు వచ్చునప్పటికి అగ్ని బాల్యదశలో నుండదు. యౌవనమున నుండును, లేదా గాలి చాలక మాటు వేసియుండును.

ఈ మాటు వేయుట మఱింత ప్రమాదకరమైనది. కిటికీలు బిగించిన గదిలో, విశేషించి ఏసీ కొఱకు గాలి చొరకుండ మూసిన గదిలో, అగ్ని తనకు వలయు ప్రాణవాయువును తానే హరించి కుంగిపోవును, మంటలు కానరావు, కాని గది నిండ కాలని యింధన వాయువులు మిక్కుటమైన వేడితో నిండియుండును. అట్టి గదికి తలుపు తెఱచుట యనగా అగ్నికి ఊపిరి పోయుటయే. పూర్వము పొగ బయటికి పోవుటకై ముందుగా కిటికీలు పగులగొట్టుట మంచిదని భావించెడివారు. ఇప్పుడు నీరు సిద్ధముగా లేనిదే తలుపు తీయరాదనియు, తీసిన తలుపును సాధ్యమైనంతవఱకు దగ్గఱగా వేసి యుంచవలెననియు శిక్షణ నిచ్చుచున్నారు.

గదిని దాటి కట్టడపు అంగముల మీదికి వచ్చిన అగ్ని ఒక్కొక్క పదార్థముతో ఒక్కొక్క విధముగ వ్యవహరించును. కొయ్య మండునది కనుక అన్నింటికంటె బలహీనమైనదని సామాన్య విశ్వాసము. అది పాక్షిక సత్యము మాత్రమే. ఇంచుమించు 300 డిగ్రీల వద్ద కొయ్య యుపరితలము బొగ్గుగా మాఱును. ఆ బొగ్గుపొర వేడిని లోనికి పోనీయని తొడుగై లోపలి కొయ్యను కాపాడును. దేవదారు జాతుల మెత్తని కొయ్య నిమిషమునకు సుమారు 0.65 మిల్లీమీటరు చొప్పున మాత్రమే కాలుచు లోనికి పోవును. టేకు వంటి గట్టి కొయ్య ఇంకను నెమ్మది. ఈ లెక్కన అరగంటలో ఒక్కొక్క ప్రక్క కాలునది దాదాపు 2 సెంటీమీటర్లు. 25 సెంటీమీటర్ల వెడల్పు గల దూలము అరగంట కాలిన పిదపను 21 సెంటీమీటర్ల గట్టి కొయ్యను మిగుల్చుకొని తన భారమును మోయుచుండును. 4 సెంటీమీటర్ల పలక రెండు ప్రక్కల కాలి అదే యరగంటలో నిశ్శేషమగును. పదార్థమొక్కటే, పరిమాణమునందే భేదము. మన తాతల నాటి మండువా లోగిళ్ల దూలములు బరువైనవని, వ్యర్థవ్యయమని నేడు తోచవచ్చును గాని, ఆ బరువులోనే గడువు దాగియున్నది.

ఉక్కు స్వభావము దీనికి విపరీతము. అది మండదు, దాదాపు 1500 డిగ్రీల వఱకు కరుగదు, కాని 550, 600 డిగ్రీల మధ్య తన బలములో ఇంచుమించు సగము కోల్పోవును. ప్రయోగశాలలలో కట్టడపు అంగములను పరీక్షించు ప్రామాణిక కొలిమిలో 5 నిమిషములకే 576 డిగ్రీలు, అరగంటకు 842 డిగ్రీలు, గంటకు 945 డిగ్రీలు ఉండును. పూతగాని తొడుగుగాని లేని సన్నని ఉక్కు అంగము ఇట్టి వేడిలో పావుగంట, ఇరువది నిమిషములకు మించి నిలుచునని నమ్మరాదు. అంతేకాదు, బలము కోల్పోవుటకు ముందే అది సాగును. 10 మీటర్ల ఉక్కు దూలము 500 డిగ్రీలు వేడెక్కినచో 6 సెంటీమీటర్లు పొడవగును. రెండు గోడల నడుమ నున్న దూలము పొడవైనప్పుడు పోవుటకు చోటు లేక గోడలను బయటికి నెట్టును. అందుచేతనే లోపల అగ్ని యుండగా వీథిలో నిలిచినవాని మీద గోడ కూలుట సంభవించును. గోడకు అగ్ని సోకకపోయినను, దానిని త్రోసిన దూలమునకు సోకినది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులోని వరల్డ్ ట్రేడ్ సెంటరులో విమానము తాకకయే కూలిన 47 అంతస్థుల ఏడవ నంబరు భవనము విషయమున, ఇట్లు వ్యాకోచించిన దూలములే ఒక కీలక స్తంభము వద్ద ఆధారమును తప్పించినవని అమెరికా ప్రభుత్వ ప్రమాణ సంస్థ తన పరిశోధనలో తేల్చినది.

నేడు మన పట్టణములలోను పల్లెలలోను సర్వత్ర కానవచ్చు సిమెంటు కాంక్రీటు ఈ రెండింటికంటె అగ్నికి చాల ఓర్వగలది. అది మండదు, వేడిని మెల్లగా లోనికి గ్రహించును. కాని ఆర్.సి.సి. స్లాబు యొక్క బలమంతయు కాంక్రీటులోనే లేదు. వంగునప్పటి లాగుడును భరించునవి అందులోని ఇనుప కమ్మీలు. ఆ కమ్మీలను వేడి నుండి కాపాడునది వానిపై నుండు కొద్దిపాటి కాంక్రీటు, తాపీ మేస్త్రీలు కవరు అని పిలుచునది. మన భారతీయ ప్రమాణము స్తంభములకు సాధారణముగా 40 మిల్లీమీటర్ల కవరు ఉండవలెనని విధించుచున్నది. సెంట్రింగు మీద కమ్మీలు పఱచునప్పుడు కవరు దిమ్మెలు సరిగా పెట్టక, కమ్మీలు పలకకు ఆనుచుండగానే కాంక్రీటు పోసినచో, ఆ పూట మిగిలినది కొన్ని రూపాయలు. పోయినది అగ్నిసమయమున లభింపవలసిన గడువు. వేడి తీవ్రముగ సోకినప్పుడు కాంక్రీటులోని తేమ ఆవిరియై, పోవుటకు దారి లేక, నిప్పులలో కాల్చు జీడిగింజ చిటిలినట్లు పెచ్చులను ఎగురగొట్టును. పెచ్చులూడిన చోట కమ్మీ మంటకు నగ్నముగ ఎదురగును. మంట చల్లారుటతో ఆపద తీఱినదని తలపరాదు. చల్లబడు దూలములు కుంచించుకొనుచు అతుకులను లాగుచుండుటచేత, గంటల పిదప కూలిన కప్పులును కలవు. అగ్ని సోకిన కాంక్రీటు 300 డిగ్రీలు దాటినచో పలుమార్లు గులాబి చాయకు తిరుగును. ఇంజనీర్లు ఆ చాయ ఎంత లోతునకు పోయినదో చూచి వేడి ఎంతవఱకు చొచ్చినదో అంచనా కట్టుదురు.

ఇటుక కొలిమిలో పుట్టినది గావున అగ్నికి వెఱవదు. ఇటుక గోడ కూలుట ప్రాయికముగా తన దోషముచేత గాక, తనను కట్టి నిలిపిన కప్పు పడిపోవుటచేతనో, దూలము త్రోయుటచేతనో జరుగును. రాతిమెట్లు ఎంత దృఢముగ కనిపించినను, కాగిన పిదప నీరు తగిలినప్పుడు ముందు సూచన లేక విఱుగును. రేకుల షెడ్లపై వేసెడి సిమెంటు రేకులు వేడికి పెట్లుచు ముక్కలై ఎగురును. ఏ పదార్థమునకైనను ఇది సురక్షితమని శాశ్వత ప్రమాణపత్రము నిచ్చుటకు వీలులేదు. ఎంతసేపు, ఏ భారము క్రింద, ఏ తొడుగుతో అని అడిగిననే సమాధానము లభించును.

పదార్థము తరువాత విచారింపవలసినది ఆకారము. విశాలమైన హాలును స్తంభములు లేకుండ కప్పుటకు ఇంజనీర్లు కల్పించిన ట్రస్సు మిక్కిలి ప్రశంసనీయమైన నిర్మాణము. చిన్న చిన్న అంగములను త్రికోణములుగ కూర్చి, తక్కువ సామగ్రితో ఎక్కువ దూరమును దాటుట దాని మహిమ. కాని ప్రతి యంగమును ఇతరాంగములపై ఆధారపడి యుండుటయే అగ్నిసమయమున దాని లోపము. ఒక్క అతుకు విడినచో ట్రస్సు మొత్తము పడును, దానితో కప్పు ఒక విశాల భాగము పడును. 1988 జూలై 1న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున హాకెన్సాక్ పట్టణములో ఒక కారుల దుకాణమునందు విల్లువంపు కొయ్య ట్రస్సుల కప్పులో అగ్ని పుట్టినది. ఆ ట్రస్సుల నడిమి అటకలో కారు విడిభాగములు నిలువ చేసియుండిరి. భటులు క్రింద నిలిచి నీరు చిమ్ముచుండగా కప్పు కూలి ముగ్గురు అచటనే మరణించిరి. మఱి యిద్దఱు పనిముట్ల గదిలో చిక్కి, రేడియోలో సహాయము కోరుచు ప్రాణములు విడిచిరి. అంతకు పదేండ్ల పూర్వము, 1978 ఆగస్టు 2న, న్యూయార్కులోని బ్రుక్లిన్‌లో ఒక సరకుల అంగడి ట్రస్సు కప్పు కూలి ఆర్గురు భటులు మరణించియుండిరి.

నేటి తేలిక నిర్మాణములు ఈ గడువును మఱింత కుదించినవి. అమెరికాలో ఇండ్ల అంతస్థులకు పూర్వము వాడిన దళసరి వాసములకు బదులు, కొయ్యపేళ్లను జిగురుతో అతికిన సన్నని పలకను నడుమ నుంచి తయారుచేసిన తేలిక దూలములను వాడుట సాధారణమైనది. 2008లో పైన పేర్కొన్న పరీక్షా సంస్థయే ఈ రెండింటిని భారముతో కొలిమిలో పెట్టి చూడగా, తొడుగు లేని పాతవాసముల అంతస్థు 18 నిమిషములకు పైగా నిలిచినది. తేలిక దూలముల అంతస్థు 6 నిమిషములకే కూలినది. చల్లని స్థితిలో ఈ రెండును సమానముగ భారము మోయును. నిత్యజీవితమున వానికి భేదము కానరాదు. భేదమును చూపునది అగ్ని యొక్కటే, అదియు భటుడు దానిపై కాలు మోపినప్పుడు.

కంటికి కానరాని మార్పులు ఇంకను ఘోరమైనవి. 1966 అక్టోబరు 17వ తేదీ రాత్రి న్యూయార్కు నగరమున 23వ వీథిలో అగ్నిమాపక భటులు ఒక మందుల అంగడిలో ప్రవేశించి, వెనుకనున్న వేఱొక కట్టడపు నేలమాళిగలోని అగ్నిని చేరుటకు ముందునకు సాగుచుండిరి. తమ కాళ్ల క్రిందనే అగ్ని యున్నదని వారెఱుగరు. ఏలయన రెండు కట్టడముల నేలమాళిగలను వేఱుచేయు గోడను పూర్వమెవరో జరిపి, ఒకదాని నేలమాళిగను రెండవదాని క్రిందికి పొడిగించియుండిరి. పై నేల దళసరి కాంక్రీటుతోను నున్నని రాతిపొడి పూతతోను ఉండుటచేత క్రింది వేడిని పైకి తెలియనీయలేదు, కాని క్రింది కొయ్యవాసములు కాలుచునే యుండెను. నేల ఒక్కసారిగా కూలి పదిమంది మంటలలో పడిరి; పైన నున్న మఱి యిద్దఱు ఎగసిన జ్వాలకు ఆహుతియైరి. ఒక గోడను కొన్ని గజములు జరిపినవాడు, తన సరకులకు చోటు కల్పించుకొనుచున్నానని మాత్రమే అనుకొనియుండును.

1972 జూన్ 17న బోస్టన్ నగరమున వెండోమ్ హోటలు ప్రమాదము ఇట్టిదే. అగ్ని అదుపులోనికి వచ్చినది. భటులు శేషించిన నిప్పులను ఆర్పుచుండిరి. అట్టి నిశ్చింత సమయమున కట్టడపు ఒక మూల అయిదంతస్థులును కూలి తొమ్మండ్రు భటులను బలిగొన్నవి. విచారింపగా, పై భారమునంతయు మోయు ఇనుపస్తంభమునకు ఆధారమైన గోడలో, సంవత్సరములకు పూర్వము, గాలిగొట్టము కొఱకు రంధ్రము తొలిచియుండిరని తేలినది. బలహీనపడియు నిలిచిన గోడ, అగ్నివలన కలిగిన ఒత్తిడికిని, చిమ్మిన నీటి బరువునకును ఓర్వలేకపోయినది.

ఆ నీటి బరువును ప్రత్యేకముగ స్మరింపవలెను. నిమిషమునకు 1,000 లీటర్ల నీరు చిమ్ము గొట్టము నిమిషమునకొక టన్ను భారమును కట్టడముపై మోపుచున్నది. నీరు మెట్లగుండ దిగివచ్చుచుండినచో క్షేమము. చిమ్మిన నీరు చిమ్మినట్లు లోపలనే నిలిచిపోవుచుండినచో, కాగిత బేళ్లో ప్రత్తి బేళ్లో దానిని త్రాగి ఉబ్బి గోడలను నెట్టుచుండినచో, రక్షణకై వాడిన నీరే కూలుటకు హేతువగును. అందుచేత అనుభవజ్ఞుడైన అధికారి ఎంత నీరు లోనికి పోవుచున్నదో, ఎంత బయటికి వచ్చుచున్నదో కూడ గమనించుచుండును.

సమీపకాలమున ఇరాన్ రాజధాని టెహ్రానులో 2017 జనవరి 19న జరిగిన ఘటన ఉక్కు చట్రపు కట్టడములకు హెచ్చరిక. 1962లో నిర్మితమై, ఆ నగరమునకు ఒకప్పుడు అలంకారముగా నుండిన ప్లాస్కో భవనము కాలక్రమమున బట్టల కుట్టుశాలలతోను అంగళ్లతోను నిండిపోయినది. పై అంతస్థులలో పుట్టిన అగ్ని కొన్ని గంటలు మండిన పిదప, తగిన తొడుగు లేని ఉక్కు చట్రము ఒక్కొక్క అంతస్థుగ కూలి, లోపలనున్న పదునార్గురు అగ్నిమాపక భటులను తనలో కలిపికొనెను. కార్యాలయమునకై కట్టినది కుట్టుశాలయైనప్పుడు, నివాసమునకై కట్టినది గోదామైనప్పుడు, అందు మండు వస్తురాశి అనేక రెట్లు పెరుగును. గోడలు మాత్రము పాత లెక్కకే కట్టినవి.

మన దేశమున ఇట్టి త్యాగములు లేకపోలేదు. 2015 మే 9న ముంబయిలోని కాల్బాదేవి ప్రాంతమున గోకుల్ నివాస్ అను పాత కొయ్యచట్రపు కట్టడమున అగ్ని పుట్టగా, లోనికి పోయిన అగ్నిమాపకాధికారులపై ఆ కట్టడము కూలినది. నగరపు ప్రధానాగ్నిమాపకాధికారి సునీల్ నేస్రికర్‌తో సహా నలుగురు అధికారులు, కొందఱు అక్కడికక్కడ, కొందఱు ఆసుపత్రిలో, ప్రాణములు విడిచిరి. అనుభవమునందు అగ్రగణ్యులైన వారే ఇట్లు బలియగుట చూచినచో, ధైర్యమును అనుభవమును ఎంత యుండినను కట్టడపు అంతర్గత స్థితిని గుఱించిన సమాచారమునకు ప్రత్యామ్నాయములు కాజాలవని స్పష్టమగుచున్నది.

తెలుగునాట అగ్ని యొక్క స్వరూపము మన కండ్లయెదుటనే మాఱినది. ఒకప్పుడు కోస్తా పల్లెలలో వేసవి పడమటి గాలికి ఒక తాటాకు ఇంటి నిప్పు మఱియొక ఇంటి చూరుకు ఎగిరి పాలెములకు పాలెములే బూడిదయ్యెడివి. ఆ పూరిండ్లు నిమిషములలో కాలెడివి గాని, నలుదిక్కుల తెఱపి యుండుటచేత మనుష్యులు పరుగెత్తి బయటపడుటకు వీలుండెడిది. కూలినను పడునవి తాటాకులు, వెదుళ్లు, నిట్టాడి. నేటి కాంక్రీటు మేడ కాలదు, కాని వేడిని పొగను తనలోనే బంధించును. సెల్లారులో పుట్టిన పొగకు మెట్లదారియే గొట్టమై దానిని పై అంతస్థులకు చేర్చును. కిటికీలకు బిగించిన గ్రిల్లులు దొంగను లోనికి రానీయనట్లే ఇంటివానిని బయటికి పోనీయవు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదున ఒక హోటలు క్రింది భాగమున నున్న విద్యుత్ స్కూటర్ల దుకాణములో అగ్ని పుట్టగా, పైకెగసిన పొగలో ఎనమండ్రు మరణించిరి. 2023 జనవరిలో అదే నగరమున నివాసగృహముల నడుమనున్న బహుళాంతస్థుల బట్టల గోదాము గంటల తరబడి కాలి, లోపలి స్లాబులు కూలి, తుదకు భవనమునే పడగొట్టవలసి వచ్చినది. లోపల చిక్కిన మువ్వురు పనివారు తిరిగి రాలేదు. 2025 మే 18న హైదరాబాదు పాతబస్తీలోని గుల్జార్ హౌజ్ వద్ద ఇరుకైన ఒకేయొక దారి గల పాత కట్టడమున పదునేడుగురు ప్రాణములు కోల్పోయిరి. ఈ మూడింటిలోను అగ్ని ఎంత దోషియో, సెల్లారు వాడుక, సరకుల రాశి, దారి యిరుకు అంతకు తక్కువ దోషులు కావు.

ఇట్టి కట్టడముల ఎదుట నిలిచిన అగ్నిమాపకాధికారి దానిని చదువవలెను. గోడలో కొత్తగా పగిలిన చీలిక, పైనుండి క్రిందికి వెడల్పగుచున్న బీట, ఇటుకల సందుల నుండి ఒత్తిడితో వెలువడు పొగ, మెత్తబడిన నేల, చట్రము వంగి తెఱచుకొనని తలుపు, లోపల కొయ్యయో ఇనుమో మూలుగు చప్పుడు, ఇవి కూలుటకు సూచనలు. గోడ కూలునని అనుమానము కలిగినప్పుడు దాని యెత్తునకు ఒకటిన్నర రెట్ల దూరము ఖాళీ చేయించుట వాడుక. 12 మీటర్ల గోడకు 18 మీటర్లు. అయితే ట్రస్సులును తేలిక దూలములును పలుమార్లు ఏ సూచనయు ఇయ్యవు. అట్టిచోట కన్నులకంటె ముందుగా తెలిసికొన్న సమాచారమే శరణ్యము. అమెరికాలో ఫ్రాన్సిస్ బ్రానిగన్ 1971లో అగ్నిమాపకులకై కట్టడముల నిర్మాణమును గుఱించి గ్రంథము ప్రచురించి, అగ్ని పుట్టకముందే కట్టడమును పరిశీలించి తెలిసికొనుట భటుని విద్యలో ప్రధానాంశమని స్థాపించినది ఇందుకొఱకే.

మన జాతీయ భవన నిర్మాణ స్మృతియు కట్టడములను వాని అంగముల అగ్నినిరోధ కాలమును బట్టి నాలుగు తరగతులుగ విభజించినది; 15 మీటర్లు, అంతకు మించి యెత్తుగల భవనములను ఎత్తైన భవనములుగ నెంచి ప్రత్యేక నియమములు విధించినది. నియమములు కాగితముపై చక్కగనే యున్నవి. లోపించినది వానికిని, నిత్యము మన వీథులలో జరుగు మార్పులకును నడుమ నుండవలసిన సంబంధము. గోడ తొలిచి షట్టరు పెట్టినప్పుడు, సెల్లారును గోదాముగ మార్చినప్పుడు, డాబాపై ఇనుప షెడ్డు వేసినప్పుడు, మెట్ల క్రింద అట్టపెట్టెలు పేర్చినప్పుడు, ముందువైపు అద్దములును ప్లాస్టిక్కు పొరగల రేకులును బిగించినప్పుడు, కట్టడపు గడువు ఎంత తగ్గినదో లెక్కించువాడు లేడు. 2017 జూన్ 14న లండనులోని గ్రెన్‌ఫెల్ టవరున 72 మంది మరణించుటకు ప్రధాన హేతువు అట్టి పైతొడుగే. కాంక్రీటు కట్టడము మాత్రము ఆ మంటలకు కూలక నిలిచినది.

కావున చేయవలసిన పనులు దుస్సాధ్యములు కావు. ఇల్లు కట్టించువాడు కాంక్రీటు పోయుటకు ముందు కవరు దిమ్మెలను స్వయముగ చూడవలెను. భారము మోయు గోడను ఇంజనీరు సమ్మతి లేక తాకరాదు. మెట్లదారికి తలుపు ఉన్నచోట దానిని మూసియుంచవలెను. గ్రిల్లులలో ఒకదానికైనను లోపలినుండి తెఱచు వీలుండవలెను. గోదాముల యజమానులు తమ కట్టడపు పటమును, కప్పు ట్రస్సుదో స్లాబుదో, లోపల నిలువయుండు సరకేదో, సెల్లారునకు దారులెన్నియో వ్రాసి సమీపపు ఫైర్ స్టేషనులో ఇయ్యవలెను. స్టేషను సిబ్బంది అగ్ని లేని దినములలో వచ్చి ఆ కట్టడములలో తిరిగి చూడవలెను. మార్పు చేసిన ప్రతిసారి ఆ పటమును సరిదిద్దవలెను. ఇవి అనుమతి పత్రమునకై ఒకసారి చేసి మఱచు లాంఛనములు కారాదు.

అగ్నిమాపక భటుడు మన యింటిలోనికి అపరిచితుడై ప్రవేశించుచున్నాడు. చీకటిలో, పొగలో, ఆ కట్టడమును తొలిసారిగ, అది మిక్కిలి బలహీనమైయున్న గడియలో కలిసికొనుచున్నాడు. దానిని బలముగ కట్టించిన కీర్తియు, రహస్యముగ బలహీనపఱచిన దోషమును ఆతనివి కావు, మనవి. ఆతని సాహసమును సన్మానించుట మంచిదే. కాని ఆతడు మెట్లెక్కి పైకి పోయి, చిక్కిన బిడ్డనెత్తుకొని తిరిగివచ్చుటకు చాలినన్ని నిమిషములను మన దూలములలో, మన స్లాబులలో, మన తలుపులలో ముందుగనే కట్టియుంచుట అంతకంటె శ్రేష్ఠమైన ధర్మము. ఆ నిమిషములను అగ్ని పుట్టిన పిదప ఎంత ధనమిచ్చినను కొనలేము.